మార్తో: ఫ్రెంచి సుత్తికి రెండు వైపులు

ఫ్రెంచిలో ఎవరినైనా చూపించి ‘వీడు మార్తో’ అన్నారంటే, వీడికి పిచ్చి, వీడి బుర్ర సరిగ్గా లేదు అని. ఆ మాటకు మామూలు అర్థం సుత్తి. మేకులు కొట్టే సుత్తి. తెలుగులో కూడా ఒక మనిషిని చూపించి ‘వాడు సుత్తిరా బాబూ’ అంటాం, కాని మనం అనేది వేరు. వాడికి పిచ్చి అని కాదు, వాడి మాటలు వింటే మనకు పిచ్చెక్కుతుంది అని. పనిముట్టు ఒకటే, రెండు భాషల్లోనూ దాన్ని మనిషికే తగిలించారు, తగిలించిన వైపు మాత్రం మారిపోయింది. ఫ్రెంచివాళ్లు దెబ్బ తిన్నవాడిని సుత్తి అన్నారు, మనం దెబ్బ వేసేవాడిని అన్నాం.

ఈ తేడా చిన్నదేమీ కాదు. మార్తో అన్న మాట వెయ్యేళ్లకు పైగా ఫ్రెంచివాళ్ల నోళ్లలో నలుగుతూ పోగుచేసుకున్న అర్థాలన్నీ దాదాపుగా ఈ రెండు వైపులకే చేరతాయి. కొట్టేవైపు చూస్తే రాజులు, అటవీ అధికారులు, వేలంపాటలు కనిపిస్తాయి. తినేవైపు చూస్తే దిగులు, అసూయ, పిచ్చి. అయితే అర్థాల్లోకి వెళ్లేముందు మాట పుట్టుక చూడాలి, ఎందుకంటే ఆ పుట్టుక తెలియకపోతే ఫ్రెంచిలో సుత్తికి రెండు రూపాలు ఎందుకున్నాయో, పాత రూపం ఇప్పటికీ ఎక్కడ బతికుందో అర్థం కాదు.

మూలం లాటిన్. అక్కడ సుత్తికి బాగా వాడుకలో ఉన్న పేరు మల్లెయుస్. దాంతోపాటు మార్కులుస్ అని ఇంకోటి ఉండేది, చిన్న సుత్తి అని దాని అర్థం. అదే కొందరి నోట్లో మార్తులుస్ అయింది, దానికి ‘చిన్నది’ అని చెప్పే మరో ప్రత్యయం చేరి మార్తెల్లుస్ అయింది. 636లో చనిపోయిన సెవిల్ బిషప్ ఇసిడోర్, ప్రపంచంలో ఉన్న ప్రతి వస్తువు పేరుకూ పుట్టుక చెప్పాలని పూనుకున్నవాడు, పనిముట్ల దగ్గరికి వచ్చేసరికి వీటిని సైజుల వారీగా పేర్చి పెట్టాడు: మార్కుస్ అంటే పెద్ద సుత్తి, మార్తెల్లుస్ అంటే మధ్యరకం, మార్కులుస్ అంటే బుల్లిది. మన కమ్మరి కొలిమి దగ్గర సమ్మెట వేరు, సుత్తి వేరు అయినట్టే అన్నమాట. ఈ మూడింట్లో మధ్యరకానిదే చివరికి రాజ్యం. ఇటాలియన్ వాళ్ల మార్తెల్లో, స్పానిష్ వాళ్ల మార్తీయో, ఫ్రెంచివాళ్ల మార్తో, అన్నీ ఆ మధ్యరకం సుత్తి సంతానమే.

మరి ఘనంగా బతికిన మల్లెయుస్ ఏమైంది? అది పోలేదు, కొయ్య సుత్తి వైపు జరిగింది. ఫ్రెంచిలో మాయ్ అంటే బరువైన సుత్తి, దానికి చిన్నరూపం మయే అంటే వడ్రంగులు, రాతిపనివాళ్లు వాడే కొయ్య సుత్తి. ఈ మాయ్ కథ కాస్త చెప్పాలి, ఎందుకంటే అది మన ఊళ్లదాకా వచ్చింది. పొడవాటి కొయ్య సుత్తితో కర్ర బంతిని దూరంగా కొట్టే ఆట ఒకటి ఇటలీలో, ఫ్రాన్స్‌లో బాగా ఆడేవారు, ఇటాలియన్‌లో దాని పేరే ‘బంతి–సుత్తి’. ఆ ఆటకు పొడవుగా, తిన్నగా ఉండే బాట కావాలి, పక్కన చెట్లు ఉంటే ఇంకా బాగు. ఆట లండన్ చేరి పాల్ మాల్ అయింది, పదిహేడో శతాబ్దంలో అక్కడ ఒక వీధికి ఆ పేరే నిలిచిపోయింది, పక్కనే పార్కులో ఆటకోసం వేసిన బాటకు ‘ద మాల్’ అని పేరొచ్చింది. ఆట మరుగున పడింది, బాట మిగిలింది, జనం అందులో షికారు చేశారు. చెట్ల నీడలో నడిచే చోటల్లా మాల్ అయింది, తర్వాత దుకాణాల మధ్య నడిచే చోటు కూడా మాల్ అయింది. ఫ్రాన్స్‌లో చాలా ఊళ్లలో చెట్ల వరసల మధ్య షికారు బాటను ఇవాళ్టికీ ‘ల మాయ్’ అనే అంటారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆదివారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని మాల్‌కి వెళ్లేవాళ్లు పలికేది పాత లాటిన్ సుత్తి పేరునే. మార్తోకి ఇది తోబుట్టువు కాదు, తోడికోడలు అనాలి, ఒకే ఇంట్లో బతికి వేరే ఊరికి వెళ్లిపోయింది.

సరే, అసలు మాటకు వద్దాం. లాటిన్ మార్తెల్లుస్ నుంచి పాత ఫ్రెంచిలో మార్తెల్ వచ్చింది. చివర ‘ల్’ స్పష్టంగా వినిపించేది. మరి ఇవాళ్టి మార్తోలో ఆ ‘ల్’ ఏది? దీనికి జవాబు బహువచనంలో ఉంది, తెలుగువాళ్లకు ఇది చాలా తేలిగ్గా అర్థమవుతుంది. మనకు ‘ఊరు’ బహువచనంలో ‘ఊళ్లు’ అవుతుంది, ‘గోరు’ ‘గోళ్లు’ అవుతుంది, బహువచన ప్రత్యయం తగలగానే ముందున్న హల్లు మారిపోతుంది. పాత ఫ్రెంచిలో కూడా అంతే, మార్తెల్ పక్కన బహువచనపు ‘స్’ చేరగానే ‘ల్’ కరిగి ‘ఉ’ లాగా మారింది, మార్తెల్ కాస్తా బహువచనంలో మార్తెయౌస్ లాంటి రూపం అయింది. చాలాకాలం ఏకవచనం ఒకలా, బహువచనం ఒకలా నడిచాయి. తర్వాత జనం బహువచనాన్ని చూసి ఏకవచనాన్ని కూడా దాని అచ్చులోనే పోశారు. మనవాళ్లంతా ‘ఊళ్లు’ విని విని ఒక ఊరిని కూడా ‘ఊళు’ అనేస్తే ఎలా ఉంటుందో అలా. ఆ తర్వాత మూడు అచ్చులు కలిసిపోయి ఒక్క ‘ఓ’ మిగిలింది. రాతలో మాత్రం మూడు అచ్చుల అక్షరాలూ అలాగే ఉన్నాయి. బహువచనంలో చివర ‘ఎక్స్’ అక్షరం రాస్తారు, పలకరు. పాతకాలపు లేఖకులు మాట చివర ‘ఉస్’ అన్నదాన్ని కుదించి రాసుకున్న గుర్తు ఎక్స్‌లా ఉండేది, అదే స్థిరపడిపోయింది. ఫ్రెంచి నేర్చుకునే పిల్లలు ఈ ఎక్స్ ఎక్కడినుంచి వచ్చిందని టెన్షన్ పడుతుంటారు, బడిలో ఎవరైనా ఈ ఒక్క ముక్క చెబితే సగం భయం పోతుంది.

ఇది సుత్తి ఒక్కదానికే జరిగింది కాదు. కోటకు షాస్తెల్ పోయి షాతో వచ్చింది, కత్తికి కూతెల్ పోయి కూతో వచ్చింది, టోపీ షాపో, పక్షి వాజో, అన్నీ ఇదే దారి. ‘అందమైన’ అనే మాట దగ్గర పాతదీ కొత్తదీ రెండూ బతికున్నాయి, హల్లు ముందు బో, అచ్చు ముందు బెల్. కొత్త సంవత్సరాన్ని నూవో ఆఁ అనరు, నూవెల్ ఆఁ అంటారు, ఎందుకంటే అక్కడ ‘ల్’ కరగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

సుత్తి విషయంలో ఆ పాత ‘ల్’ ఎక్కడ దాక్కుంది అంటే, మొదట క్రియలో. సుత్తితో కొట్టడం మార్తెలే. కమ్మరి ఇనుమును మార్తెలే చేస్తాడు, రాగి బిందెల మీద నొక్కులు తేల్చే పని కూడా మార్తెలే. ఫ్రెంచి వార్తల్లో ఇది రోజూ వినిపించే మాట, మంత్రిగారో ప్రతిపక్ష నాయకుడో ఒకే ముక్కను మళ్లీ మళ్లీ గట్టిగా అంటే వాళ్లు ఆ మాటను ‘మార్తెల్’ చేశారు అని రాస్తారు. మనం అదే చోట ‘నొక్కి చెప్పారు’ అంటాం, మరీ గట్టిగా అయితే ‘కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు’ అంటాం. మన దగ్గర ఒక్క దెబ్బకు కుండ పగిలిపోతుంది, విషయం తేలిపోతుంది. ఫ్రెంచివాళ్ల మాటలో ఒక్క దెబ్బతో అయ్యేది కాదు, అదే చోట పడే పది దెబ్బలు.

రెండోది ఒక నుడికారం, ‘స మెత్ర్ మార్తెల్ ఆఁ తెత్’, అక్షరాలా తలలో సుత్తి పెట్టుకోవడం. ఊరికే దిగులు పడేవాడితో ‘తలలో సుత్తి పెట్టుకోకు’ అంటారు. ఇవాళ్టి ఫ్రెంచివాడు బజారులో సుత్తి కొనాలంటే మార్తోనే అడుగుతాడు, ఈ ఒక్క నుడికారంలో మాత్రం ఐదొందల ఏళ్ల కిందటి మార్తెల్ అంటాడు, దాన్ని ఎవరూ మార్చలేదు. పదహారో శతాబ్దపు రాతల్లో ఇది మామూలు దిగులు కూడా కాదు, ప్రేమలో పడ్డవాళ్ల అసూయ, అనుమానం. రాత్రంతా ఒకే ఆలోచన, అదే చోట, అదే లయలో, ఠంగు ఠంగున. అనుమానం అనే బాధను ఇంత కచ్చితంగా పట్టుకున్న పోలిక ఇంకో భాషలో దొరకడం కష్టం. మనం ‘బుర్ర తొలిచేస్తోంది’ అంటాం, ‘మనసులో ముల్లు’ అంటాం. తొలవడంలో, ముల్లులో నొప్పి ఉంది గాని, ఆగి ఆగి మళ్లీ పడే దెబ్బ లేదు.

మూడోది పేర్లలో. మార్తెల్ అనగానే ఫ్రాన్స్‌లో బడికి వెళ్లిన ప్రతి ఒక్కరికీ గుర్తొచ్చేది షార్ల్ మార్తెల్, 732లో పువాతియే దగ్గర ఉమయ్యద్ ఖలీఫాల సైన్యాన్ని ఆపినవాడు, షార్లమేన్ చక్రవర్తికి తాత. ఆయన రాజు కాడు, రాజు పేరుమీద రాజ్యం నడిపిన మంత్రి లాంటివాడు. బతికున్నప్పుడు ఆయన్ను సుత్తి అని పిలిచినట్టు లేదు, ఆ బిరుదు 741లో ఆయన పోయాక, తొమ్మిదో శతాబ్దపు రాతల్లో కనిపిస్తుంది. సుత్తి ఇనుమును నలగ్గొట్టినట్టు శత్రువులను నలగ్గొట్టాడు కాబట్టి ఆ పేరు అని మధ్యయుగపు చరిత్రకారులు వివరం కూడా ఇచ్చారు. ఈ ఒక్క యుద్ధాన్ని తర్వాతి కాలాలవాళ్లు తమ తమ అవసరాల కోసం చాలా పెద్దది చేసి చెప్పారు, ఇప్పటికీ కొందరు రాజకీయంగా వాడుకుంటూనే ఉన్నారు, ఆ వాడకంలో ‘మార్తెల్’ అన్న బిరుదు పాత్ర తక్కువేం కాదు. ఆయన పేరు ఉత్త షార్ల్ అయి ఉంటే ఆ కథకు అంత మోత వచ్చేది కాదు. నైరుతి ఫ్రాన్స్‌లో మార్తెల్ అనే ఊరే ఉంది, ఆయనే కట్టించాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు, ఊరి చిహ్నంలో మూడు సుత్తులున్నాయి.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక పొరపాటు కూడా చెప్పాలి. ఇంగ్లాండు తీరం వెంబడి గుండ్రటి రాతి బురుజులుంటాయి, వాటిని మార్టెల్లో టవర్లు అంటారు. ఇటాలియన్ సుత్తి పేరే కదా, సుత్తి ఆకారమో, గంట కొట్టే సుత్తో అనుకుంటాం. కాదు. 1794లో కోర్సికా దీవిలో మోర్తెల్లా అనే కొన దగ్గర ఉన్న బురుజు బ్రిటిష్ నౌకలను ముప్పుతిప్పలు పెట్టింది, దాన్ని చూసి వాళ్లు తమ తీరంలో అలాంటివే కట్టుకున్నారు, పేరు తిరగబడి మోర్తెల్లా కాస్తా మార్టెల్లో అయింది. అక్కడ మోర్తెల్లా అంటే ఒక పొద మొక్క. సుత్తి లాంటి బలమైన మాట పక్కనుంటే దగ్గర ధ్వని ఉన్న మాటను తనవైపు లాగేసుకుంటుంది.

ఇక మార్తోకి ఉన్న అర్థాలన్నిట్లోకీ ఎక్కువ గౌరవంగా చూడాల్సింది అడవిలో ఉంది. ఫ్రాన్స్‌లో ఏ చెట్టు కొట్టాలి, ఏది ఉంచాలి అన్నది సుత్తితో తేలుస్తారు. ఈ పనికి మార్తెలాజ్ అని పేరు, ఇక్కడా పాత ‘ల్’ ఉంది చూడండి. అటవీ సుత్తి మేకుల సుత్తి లాంటిది కాదు, ఒకవైపు చిన్న గొడ్డలి, రెండోవైపు ముద్ర. గొడ్డలి వైపుతో చెట్టు బెరడును అరచేతి మేర చెక్కి, తిప్పి రెండోవైపుతో ఒక్క దెబ్బ వేస్తారు, ముద్ర కొయ్యలో దిగుతుంది. మాను మీద ఒకటి వేసి, మొదట్లో వేళ్ల దగ్గర ఇంకొకటి వేస్తారు. రెండోది ఎందుకంటే చెట్టు కొట్టి తీసుకుపోయాక కూడా మొద్దు మిగులుతుంది, ఆ మొద్దుమీద ముద్ర లేకపోతే అది దొంగతనంగా కొట్టిన చెట్టు. ఇంత సాదా పద్ధతి అడవిని ఎంతకాలం కాపాడిందో తలుచుకుంటే దాని మీద మర్యాద కలగక మానదు.

ఇప్పుడు ఆలోచించండి, ఆ సుత్తి దొంగ చేతిలో పడితే? అందుకే పద్నాలుగో లూయీ రాజుగారి మంత్రి కోల్బేర్ 1669లో తెచ్చిన అడవులు, నీళ్ల శాసనం నడిచిన రోజుల్లో గార్ద్-మార్తో అనే ఉద్యోగి ఉండేవాడు. ఆ పేరుకు అర్థం సుత్తి కాపలాదారు, అంతే. రాజముద్ర ఉన్న సుత్తి ఆయన బాధ్యత. అప్పట్లో ఓడలు కట్టాలంటే ఓక్ మానులు కావాలి, యుద్ధం గెలవాలంటే ఓడలు కావాలి, కాబట్టి అడవిలో పడే ప్రతి సుత్తి దెబ్బ రాజ్యం లెక్కలోకి వస్తుంది. నౌకాదళానికి విడిగా తన సుత్తి ఉండేది, దానికి పనికొచ్చే చెట్టు మీద అది ముద్ర వేసుకునేది. రాజులు పోయి విప్లవం వచ్చినా సుత్తి విలువ పోలేదు. 1810 నాటి నెపోలియన్ శిక్షాస్మృతిలో 140వ నిబంధన చూస్తే, ప్రభుత్వ ముద్రలను, బంగారం వెండి మీద గుర్తు వేసే అచ్చులను దొంగగా తయారుచేసేవాళ్ల పక్కనే ‘అటవీ గుర్తులకు వాడే ప్రభుత్వ సుత్తులను’ దొంగగా తయారుచేసేవాళ్లనూ చేర్చారు, శిక్ష నిర్బంధ శ్రమ. బంగారం మీది ముద్రకూ చెట్టు మీది ముద్రకూ చట్టం ఒకే బరువు ఇచ్చింది.

మన దేశంలో కూడా అటవీశాఖ దుంగల మీద సుత్తి ముద్ర వేస్తుంది, టేకు డిపోల్లో పనిచేసినవాళ్లకు హ్యామర్ మార్క్ అన్న మాట కొత్త కాదు. బ్రిటిష్ వాళ్లు మన దేశానికి పంపే అటవీ అధికారుల్లో చాలామంది 1860ల చివరినుంచి 1880ల మధ్యదాకా చదువుకున్నది ఫ్రాన్స్‌లోని నాన్సీ ఊళ్లో, 1824లో పెట్టిన అటవీ కళాశాలలో. అంటే మన అడవులను ఏలడానికి వచ్చిన కుర్రాళ్లు మార్తెలాజ్ చదువుకున్నది ఫ్రెంచి గురువుల దగ్గరే.

అధికారం తర్వాత లంచం గురించి చెప్పకపోతే బాగుండదు. పాతకాలపు పెద్ద ఇళ్ల తలుపులకు బయట ఒక ఇనప సుత్తి వేలాడేది, వచ్చినవాళ్లు దాంతో తలుపు కొట్టాలి. దాన్నీ మార్తో అనేవారు. తలుపు తీసే కాపలావాడికి డబ్బిచ్చి లోపలికి వెళ్లడాన్ని ‘గ్రెస్సే ల మార్తో’ అన్నారు, సుత్తికి నూనె రాయడం. 1668 నాటి రాసీన్ హాస్యనాటకంలో ఒక జడ్జిగారి ద్వారపాలకుడు ఈ మాటే అంటాడు, సుత్తికి నూనె రాయకుండా మా ఇంట్లోకి ఎవరూ అడుగుపెట్టలేదు అని. మనం చేయి తడిపితే వాళ్లు సుత్తికి నూనె రాశారు. రెండు చోట్లా ఎండిపోయినదాన్ని కాస్త తడిచేస్తేనే పని జరుగుతుంది అన్న అనుభవమే.

అదే శతాబ్దంలో ఇంకో మార్తో ఉన్నాడు, ఇతను మనిషి, కాని పుట్టనే లేదు. 1660 నుంచి ఎన్నో పుస్తకాల మీద ‘కొలోన్ నగరం, పియేర్ దు మార్తో ప్రచురణ’ అని అచ్చయింది. ఆ పేరుతో కొలోన్‌లో ఏ ముద్రాపకుడూ లేడు. ఫ్రెంచి రాజు సెన్సార్ ఒప్పుకోని పుస్తకాలను హాలెండ్‌లోని ముద్రాపకులు ఈ దొంగపేరుతో వేసేవారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఎవరికి అవసరమైతే వాళ్లు ఈ పేరు వాడుకున్నారు, జర్మన్లు పేటర్ హామర్ అని తర్జుమా చేసుకుని మరీ వాడారు. రాజముద్ర సుత్తి చెట్ల మీద పడుతున్న రోజుల్లోనే, రాజు వద్దన్న పుస్తకాల మీద కూడా సుత్తి పేరే పడింది.

యంత్రాలు వచ్చాక కొత్త సమాసాలు పుట్టాయి. రోడ్లు పగలగొట్టేది మార్తో-పికర్. ఆవిరితో నడిచే పెద్దది మార్తో-పిలోఁ. తూర్పు ఫ్రాన్స్‌లోని ల క్రెజో ఊళ్లో ష్నేదర్ కంపెనీ 1877లో 100 టన్నుల ఆవిరి సుత్తిని నిలబెట్టింది, అది 1930 దాకా పనిచేసింది, ఇప్పుడు ఊరి ముఖద్వారం దగ్గర గుర్తుగా నిలబడి ఉంది. నడిపేవాడు నేర్పరి అయితే అంత సుత్తితోనూ సీసాకు బిరడా బిగించగలడని, సీసా చెక్కుచెదరదని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. పియానో లోపల తీగలను కొట్టేవీ మార్తోలే, వేలంపాటలో చివరి దెబ్బ పడిన ధరను ‘ప్రీ మార్తో’, సుత్తి ధర అంటారు, తల అడ్డంగా చాచిన సొరచేప రకాఁ-మార్తో. ఆటల్లో విసిరే 7.26 కిలోల గుండుకు ఇప్పుడు కర్ర పిడి లేదు, తీగ ఉంది, అయినా పేరు మార్తోనే. కమ్యూనిస్టుల గుర్తును మనం సుత్తి కొడవలి అంటాం, వాళ్లు కొడవలి ముందు పెట్టి ‘ఫొసీయ్ ఎ మార్తో’ అంటారు, రష్యన్‌లోనూ కొడవలే ముందు.

చెవి దగ్గర మాత్రం ఆగాలి. మధ్య చెవిలో మూడు చిన్న ఎముకలుంటాయి, కర్ణభేరి కదలికను లోపలికి అందించేవి. ఫ్రెంచిలో వాటి పేర్లు మార్తో, ఆంక్లూమ్, ఏత్రియే. సుత్తి, దాగలి, రికాబు. పదహారో శతాబ్దపు ఐరోపా వైద్యులు లాటిన్‌లో పెట్టిన పేర్లకు ఇవి ఫ్రెంచి రూపాలు. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇవి కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని గుర్తుండే ఉంటాయి. పరీక్షకోసం బట్టీ పట్టినప్పుడు చాలామందికి తెలియనిది ఏమిటంటే, కూటం అంటే సమ్మెట, దాగలి అంటే కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ. మూడో ఎముక దగ్గర మన పుస్తకం గుర్రపు రికాబును వదిలేసి ‘చెవి లోపలి ఎముక’ అని సరిపెట్టింది, అది కొంచెం నిరాశే. మొదటి రెండు మాత్రం అచ్చమైన కొలిమి మాటలు. సుమారు 8 మిల్లీమీటర్ల సుత్తి ఒకటి మన చెవిలో ఉండి, బయటి సుత్తి చప్పుడును కూడా అదే లోపలికి మోస్తుంది.

సుత్తి, దాగలి జంట సామెతల్లోకీ వెళ్లింది. సుత్తికీ దాగలికీ మధ్య ఇరుక్కోవడం అంటే ఇద్దరు బలవంతుల మధ్య నలిగిపోవడం. మనకు సరిగ్గా అదే చోట ‘అడకత్తెరలో పోకచెక్క’ ఉంది, మనదీ పనిముట్టే. వాళ్లది కొలిమి, మనది తాంబూలం పళ్లెం. ఇంకో సామెత ఉంది, దాగలి కావడం కంటే సుత్తి కావడం మేలు అని. ఇది కఠినమైన మాట. పల్లెల్లో, రాజుల కింద, దొరల కింద బతికినవాళ్లు చూసి చూసి అన్న మాటలా ఉంటుంది. మన దగ్గర ‘రోట్లో తలపెట్టి రోకటి పోటుకు వెరవడమా’ అంటారు, అందులో కనీసం తల మనమే పెట్టాం.

ఇప్పుడు మొదట వదిలేసిన పిచ్చి దగ్గరికి. మార్తో అంటే పిచ్చివాడు అన్న వాడుక పాతది కాదు, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మాట్లాడే భాషలో వచ్చింది. తలమీద సుత్తి దెబ్బ పడ్డట్టు ఉన్నాడు అన్నది దాని వెనకున్న బొమ్మ. ఒంటరిగా చూస్తే వింతగా ఉంటుంది గాని, ఫ్రెంచిలో పిచ్చికి ఉన్న మిగతా మాటలు పక్కన పెడితే అంతా ఒకే కుటుంబం. తాపే అంటే కొట్టబడ్డవాడు. ఫ్రాపే అన్నా అదే. తోకే అంటే తట్టు తగిలినవాడు. సాంగ్లే అంటే కొరడా దెబ్బ తిన్నవాడు. తాంబ్రే అన్నదాని వెనక బీటవారిన గంట ఉంది. ఇవన్నీ ఇవాళ ‘వాడికి పిచ్చి’ అనడానికి వాడే మామూలు మాటలు. ఆ భాష లెక్కలో పిచ్చి అంటే బయటినుంచి వచ్చి తగిలిన దెబ్బ. మనకు పిచ్చి ఎక్కుతుంది, పడుతుంది, ముదురుతుంది, దయ్యం లాగానో జ్వరం లాగానో వస్తుంది. ఈమధ్య ‘స్క్రూ లూజు’ వచ్చింది, అందులో కూడా లోపల ఏదో వదులైంది గాని, బయటినుంచి ఎవరూ కొట్టలేదు. ఫ్రెంచిలో మార్తో దెబ్బ తిన్నవాడి పేరు కావడానికి కారణం ఇదే. ఆ భాషలో అప్పటికే అలాంటి దెబ్బల మాటలు వరసగా ఉన్నాయి, సుత్తి వెళ్లి ఆ వరసలో నిలబడింది.

తెలుగు సుత్తికి అలాంటి వరస లేదు. దానికి దొరికింది వేరే దారి. 1982లో జంధ్యాల గారి ‘నాలుగు స్తంభాలాట’ వచ్చాక సుత్తి కొట్టడం అంటే విసిగించే కబుర్లు చెప్పడం అన్న అర్థం తెలుగునాట ఇంటింటికీ చేరింది, వీరభద్రరావు, వేలు గార్లకు అది ఇంటిపేరే అయింది. వినేవాడి తలమీద ఒకే చోట పడే దెబ్బలు. చూస్తే ఇది పదహారో శతాబ్దపు ‘తలలో సుత్తి’కి చాలా దగ్గర, కాకపోతే అక్కడ తన ఆలోచనే తనను కొడుతుంది, ఇక్కడ ఎదుటివాడి నోరు.

మరి ఫ్రెంచివాళ్లకు సుత్తిగాళ్లు లేరా అంటే, ఉన్నారు. కాకపోతే ఆ ఖాళీని అక్కడ వేరే పనిముట్లు ముందే నింపేశాయి. పదే పదే వినిపించి విసుగెత్తించే పాటను, ఊకదంపుడు మాటను ‘సీ’ అంటారు, అంటే రంపం. మనం రంపపు కోత అన్నట్టే. విసిగించడాన్ని రాజే అంటారు, అసలు అర్థం గడ్డం గీయడం. మనిషైనా, ఉపన్యాసమైనా, సినిమా అయినా భరించలేనంత విసుగ్గా ఉంటే ‘రజ్వార్’ అనేస్తారు, మంగలి కత్తి అని. తెలుగు కాలేజీ కుర్రాళ్లు అలాంటివాడి గురించే ‘బ్లేడు వేస్తున్నాడు’ అంటారు.